మెడ వెనక కుట్టిన లేబుల్

దేశంలో ఫ్యాషన్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్లంతా హైదరాబాదులో ఒక పెద్ద హాల్లో కూర్చుని ఉండగా నేను వేదికెక్కి గంటసేపు మాట్లాడాను. విషయం చొక్కా చంక. నేను ముగించేసరికి హాలు హాలంతా లేచి నిలబడింది. పదో తరగతి గట్టెక్కనివాడికి అంత మర్యాద గుంటూరు జిల్లాలో ఇంకెవరికన్నా జరిగిందని చూపించండి, ఈ కాయితాలు ఇక్కడే చింపేస్తాను.

నేను టైలర్ని. మా నాన్న దూది ఏకేవాడు. విల్లుతో దూది కొట్టి ఇంటింటికీ పరుపులు కట్టి ఇచ్చేవాడు. ఆ దుమ్ము నాకు పడక కత్తెర పట్టుకున్నాను. గుంటూరులో నలభై ఏళ్లు షాపు నడిపాను. రెడీమేడ్ బట్టలు వచ్చి ఆ షాపు మూతపడ్డాక, నల్లపాడు దాటి కొంచెం ముందుకు పోతే వచ్చే ఒక ప్రైవేటు కాలేజీలో, ఫ్యాషన్ డిజైన్ డిపార్ట్‌మెంటుకి కటింగ్ మాస్టరుగా చేరాను. షాపులోంచి వెంట తెచ్చుకున్నవి మూడే. కత్తెర, ఇనుప ఇస్త్రీపెట్టె, బిస్కెట్ డబ్బా నిండా మిగిలిపోయిన లేబుళ్లు. తెల్ల పట్టీ మీద ఎర్ర దారంతో నా పేరు, కింద గుంటూరు అని నేసి ఉంటాయి. ఆ షాపు నడిచినన్నాళ్లూ పేరు లేకుండా నా చేతిలోంచి ఒక్క బట్ట బయటికి పోలేదు. కుట్టు ఊడితే ఎవరి గుమ్మం తొక్కాలో ఆ బట్టే చెప్పాలి. మాకు అది పద్ధతి. చదువుకున్నవాళ్లు కాయితం కింద సంతకం పెట్టరూ, అలాంటిది.

ఆ డిపార్ట్‌మెంటుని నెత్తిన మోసేది ఒక మేడమ్. సొంతూరు అద్దంకి. తండ్రి బడిపంతులు. కూతురు ఫ్యాషన్ పాఠాలు చెబుతుందంటే ఆయన చాలాకాలం బంధువుల దగ్గర 'కుట్టుపని టీచరు' అని సర్దేసేవాడట. ఆవిడకి నలభై దగ్గరపడుతున్నాయి. పదమూడేళ్లుగా అదే కాలేజీ, ఏటేటా కొత్త కాంట్రాక్టు. నేను సుద్దతో గీతలు గీసి బట్ట కోస్తుంటే పక్కన నిలబడి, ఆ గీత అక్కడే ఎందుకు పడిందో పిల్లలకి లెక్కలతో చెప్పేది. నా చేతికి తెలిసిన సంగతి నా బుర్రకి తెలిసింది ఆవిడ నోటి నుంచే.

ఒకరోజు మేడమ్‌ని ప్రిన్సిపాల్‌గారు పిలిపించారు. పిల్లలు చేరడం లేదు, వచ్చే వేసవికి డిపార్ట్‌మెంటు మూసేస్తున్నారు. అదే యాజమాన్యానికున్న ఇంకో కాలేజీలో ఒకే ఒక్క పర్మినెంటు పోస్టుంది. అది రావాలంటే ఒక పరిశోధన వ్యాసమన్నా అచ్చయి ఉండాలి, లేదా ఆవిడ డిజైనుని జాతీయ స్థాయిలో జడ్జీలు ఎంపిక చేసి ఉండాలి. రెండూ లేకపోతే వేసవి తర్వాత ఇంటికే.

ఆవిడ ల్యాబుకి తిరిగొచ్చి కటింగ్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"మాస్టారూ, పదమూడేళ్లు పాఠాలు చెప్పాను. కాయితం మీద చూస్తే నేనేమీ చేయనట్టే ఉంది."

అప్పుడే నేను సలహా ఇచ్చాను, సంఘంలో చేరమని.

లేదు, ఇది సరిచెయ్యాలి. ఫ్యాషన్, వస్త్ర విద్యల టీచర్లకి దేశమంతటికీ కలిపి ఒక సంఘం ఉందని ఆవిడే వెతికి పట్టుకుంది. నేనన్నది ఇదీ: "సంఘాలు మాకూ ఉన్నాయి మేడమ్. టైలర్ల సంఘం. రేట్ల బోర్డు అచ్చేయించి పంచుద్ది, ఎవరన్నా పోతే దండ పట్టుకొస్తుంది. బతికున్నంతకాలం పలకరించదు."

"ఇది వేరు మాస్టారూ. నేను మాట్లాడితే అర్థమయ్యేవాళ్లు ఇక్కడ నాకెవరున్నారు? మీరు తప్ప."

ఆ 'తప్ప' అనే ముక్క పట్టుకుని నేను వారం రోజులు తిరిగాను.

చేరింది. కొత్తగా చేరినవాళ్లకి పెద్దవాళ్లలో ఒకరిని తోడు పెడతారట. మేడమ్‌కి తమిళదేశం వైపు ఒక రిటైర్డు ప్రొఫెసరమ్మని ఇచ్చారు. ప్రతి శనివారం మధ్యాహ్నం ల్యాబులో ల్యాప్‌టాప్ తెరిచి ఆవిడతో మాట్లాడేది. నేను కాజాలు కుడుతూ వినేవాణ్ని. సగం ఇంగ్లీషు నాకు అందేది కాదు కానీ మేడమ్ మొహం అందేది. పదమూడేళ్లలో మొదటిసారి ఎవరో ఆవిడ రాసినది చదివి, ఇక్కడ బాగుంది, ఇక్కడ బాగాలేదు అంటున్నారు. ఇక్కడ బాగాలేదు అన్నప్పుడు కూడా ఆ మొహం వెలిగేది. సంఘం ఇచ్చేది ఇదా అనుకున్నాను. మా దండ కంటే నయమే.

ఆ పెద్దావిడ ఒక శనివారం అడిగింది: "మీ ఊళ్లో ఆడవాళ్లు పనికి పోతూ ఏం వేసుకుంటారు?"

మేడమ్ నావైపు చూసింది. నేను మా ఆవిడ గురించి చెప్పాను.

మా ఆవిడ పాతికేళ్లు మిరపకాయల తొడిమలు తీసింది. మిర్చి యార్డు చుట్టుపక్కల షెడ్లలో ఎండుకాయల గుట్టల ముందు ఆడవాళ్లు వరసగా కూర్చుంటారు. చీర మీద మొగుడి పాత చొక్కా, మొహానికి తువ్వాలు, అదే వాళ్ల యూనిఫారం. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చునేది. ఆ చొక్కాల కోసం పండక్కి నేను కుట్టుకున్న కొత్తవి కూడా పాతవైపోయేవి, అదెలాగో నాకిప్పటికీ అర్థం కాదు.

మేడమ్ మా ఇంటికొచ్చింది. మా ఆవిడ పీట వేసి, ఎగాదిగా చూసింది.

"ఏంది తల్లీ, తొడిమలు తీసేదానికి కూడా ఫ్యాషనా?"

"ఫ్యాషన్ కాదు పిన్నిగారూ. మంట తగ్గేటట్టు ఒక చొక్కా చెయ్యాలని."

"చొక్కాకి మంట తగ్గుద్దా? ఈయన చొక్కాలన్నీ తొడిగి చించా. తగ్గలా."

మొదటి నమూనా నేను దర్జాగా కుట్టాను. నిలబడే కాలరు, కఫ్‌లు, అయిదు బొత్తాలు. మా ఆవిడ అది తొడుక్కుని, ఇంట్లోనే కింద బస్తాడు కాయలు పోసుకుని రెండు గంటలు తొడిమలు తీసింది. మేడమ్ పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చుంది, తుమ్ముతూ. తర్వాత మా ఆవిడ చొక్కా విప్పి నా ఒళ్లో పడేసింది.

"బొత్తాం పట్టుకుంటే వేలు మండుద్ది. ఇందాక కాయ పట్టింది ఆ వేలే గదా. కాలరు మడత విప్పి చూడు, గుప్పెడు కారం ఉంది, పప్పులో వేసుకోవచ్చు. చంకలో చూడు, కుట్టు ఒరుసుకుని ఎర్రగా అయింది. చెమటా కారం కలిసేది అక్కడే. నలభై ఏళ్లు షాపు నడిపావంట, ఎవరికి కుట్టావయ్యా?"

మేడమ్ ఆ మాటలన్నీ రాసుకుంది. చివరిది కూడా.

అలా తయారైంది ఆ చొక్కా. బొత్తాల్లేవు. తల మీదుగా వేసుకుని పక్కన ఒక ముడి. మెడ దగ్గరా మణికట్టు దగ్గరా ఎక్కడా మడత లేదు, కారం నిలవడానికి చోటు లేదు. చంకలో కుట్టు పడకుండా మెత్తటి నూలు గుడ్డ ముక్కని వాలుగా కోసి వేశాను. మన పత్తి గుడ్డే. సాయంత్రం ఉతికితే తెల్లారేసరికి ఆరుద్ది. చూడ్డానికి ఏమీ లేదు, గోనెసంచికి చేతులు పెట్టినట్టుంటుంది. కానీ మా ఆవిడ రెండోసారి తొడుక్కుని లేచాక మజ్జిగ గిన్నె అడగలేదు.

దాని గురించి మేడమ్ వ్యాసం రాస్తే ఆ పెద్దావిడ సగం కొట్టేసింది. 'సాధికారత' లాంటి మాటలన్నీ తీసేసి, మీ పిన్నిగారు ఏమందో అదే రాయమంది. అది అచ్చు కాలేదు కానీ, ఆ రాతని పట్టుకునే సంఘంవాళ్లు తమ ఏడాది సభకి పిలిచారు. డమ్మీ బొమ్మని మోయడానికి నన్నూ రమ్మంది మేడమ్.

ఇక ఆ వేదిక సంగతి. నేను ఎక్కిన మాట నిజం. డమ్మీకి చొక్కా తొడగడానికి ఎక్కాను. ముందు వరసలోంచి ఎవరో చంక దగ్గర ఆ ముక్క ఎలా కోశారని అడిగారు. మేడమ్ మైకు నా చేతికిచ్చింది. నేను తెలుగులో చెప్పాను, ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు ఉంటుందేమో. హాలంతా లేచి నిలబడింది, అదీ నిజమే. భోజనాలకి పిలిచారు.

ఆ భోజనాల దగ్గరే మేడమ్‌ని నేను ఎన్నడూ చూడని విధంగా చూశాను. చేతిలో ప్లేటు చల్లారిపోతోంది, చుట్టూ ఆరేడుగురు, అస్సాం నుంచి ఒకావిడ, గుజరాత్ నుంచి ఒకాయన, ఒకరి మాట ఒకరు లాక్కుంటూ మాట్లాడుతున్నారు. ఆ పెద్దావిడ మేడమ్ భుజం మీద చెయ్యి వేసి, సంఘం జరిపే డిజైన్ల పోటీకి ఈ చొక్కా పంపమంది. అందులో ఎంపికైతే జాతీయ స్థాయి సర్టిఫికెట్టు. ప్రిన్సిపాల్‌గారు అడిగిన కాయితం అదే.

తిరుగు రైల్లో మేడమ్ కిటికీ పక్కన కూర్చుని నవ్వుకుంటోంది. "ఏంటమ్మా?" అన్నాను.

"మా నాన్నకి ఫోన్ చేశాను మాస్టారూ. 'నీ పరిశోధన ఎంతవరకు వచ్చింది' అని అడిగాడు. పరిశోధన అన్నాడు."

పోటీకి ముందు ఫోటోలు పంపాలి. ముందు నుంచి, వెనక నుంచి, లోపలి వైపు. ఎవరు పంపారో జడ్జీలకి తెలియకూడదు. పేరు, ఊరు, కాలేజీ, ఏదీ కనబడకూడదని నిబంధన. తెలిసినవాళ్లని చూసి మార్కులు వేయకుండా. ఫోటోల మీద మొదటి వడపోత జరిగింది. మిగిలిన కొద్దిమందిలో మేడమ్ ఉంది. చొక్కా పంపండి, చేత్తో పట్టుకుని చూసి తేలుస్తాం అని రాశారు.

ఆ పని నాకు అప్పజెప్పింది. ఉతికి, ఇస్త్రీ చేసి, పార్సిల్ కట్టించి పంపమంది. తను పరీక్షల డ్యూటీలో ఉంది.

నేను ఇస్త్రీ చేశాను. మడత పెట్టబోయి ఆగాను. ఇంత దూరం పోతోంది, మెడ వెనక బోసిగా ఉంది. ఎవరి బిడ్డో తెలియకుండా సంతలో వదిలేసినట్టు అనిపించింది. ఆ నిబంధన సంగతి మేడమ్ నాకు ఎప్పుడో ఒకసారి ఇంగ్లీషులో చదివి వినిపించింది, నా చెవికి ఎక్కలేదు. అందుకని బజారుకి పోయి, కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ చేసే కుర్రాడి దగ్గర చిన్న పట్టీ మీద మేడమ్ పేరు వేయించాను. తెచ్చి మెడ వెనక నాలుగు వైపులా కుట్టాను. ఇంత చేసిన మనిషి పేరు నలుగురికీ తెలియాలి కదా అని. ఆవిడ మీద అభిమానంతో చేశాను. పార్సిల్ కట్టి పంపాను. ఆవిడకి చెప్పలేదు, సర్టిఫికెట్టు వచ్చాక చెబుదామని.

మూడు వారాలకి సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, ఈమెయిల్. మెడ వెనక పేరున్న లేబుల్ కుట్టి ఉన్నందున ఈ ఎంట్రీని పరిశీలించడం కుదరదని. కింద, పేరు తెలియని జడ్జి ఒకరు రాసిన రెండు వాక్యాలు కూడా పంపారు. చంక దగ్గరి పనితనం ఈ ఏడు వచ్చినవాటన్నిటిలోకీ బాగా ఆలోచించి చేసినదని, వచ్చే ఏడు తప్పక మళ్లీ పంపమని.

మేడమ్ అది ల్యాబులోనే చదివింది. చదివి, ల్యాప్‌టాప్ మూసి, నావైపు తిరగకుండా అడిగింది.

"మాస్టారూ, లేబుల్ కుట్టారా?"

"కుట్టానమ్మా."

మేడమ్ బల్ల మీద పిల్లలు వదిలేసిన గుండుసూదులు ఒక్కొక్కటీ ఏరి డబ్బీలో వేసింది. పెద్దావిడ సంఘంవాళ్లతో మాట్లాడి చూసిందట. నియమం నియమమే అన్నారట, తప్పు వాళ్లది కాదు. ఆ తప్పు ఎవరిదని అడిగితే మేడమ్ తనదేనని రాసిచ్చిందని నాకు తర్వాత తెలిసింది.

ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. "మెడ వెనక మడత వద్దంటిని గదా. కారం దాని కిందే చేరుద్ది. ఆ ముక్క ఎందుకు కుట్టావయ్యా?" అంది. పోటీ, పోస్టు, నిబంధన, అవేవీ కాదు. కారం. ఒక్క వేలెడు పట్టీతో నేను చొక్కాని కూడా పాడుచేశానని అప్పటికిగాని నాకు తట్టలేదు.

వేసవిలో డిపార్ట్‌మెంటు మూసేశారు. ఆ పోస్టు కంప్యూటర్ గ్రాఫిక్స్ చెప్పే ఒకాయనకి వెళ్లింది. మిషన్లు ఆటోలో ఎక్కించి పంపేశారు. డమ్మీని ఎవరూ అడగలేదు. అది ఇంకా ఆ గది మూలలోనే ఉండి ఉంటుంది, చేతులు లేకుండా.

మేడమ్ అద్దంకి వెళ్లిపోయింది. బస్టాండు వెనక సందులో ఒక బ్లౌజుల షాపులో, ముందు గదిలో ఆడపిల్లలకి కటింగ్ నేర్పుతుంది. సంఘం సభ్యత్వం మాత్రం వదల్లేదు. పెద్దావిడ ఇప్పటికీ ఎక్కడ ఉద్యోగం పడినా ఆ ప్రకటన పంపుతుంది. ఒకచోట వయసు దాటింది, ఒకచోట పీహెచ్‌డీ కావాలి, ఒకచోట ప్రస్తుతం కాలేజీలో పనిచేస్తూ ఉండాలి. శనివారం మధ్యాహ్నం షాపులో గిరాకీ ఎక్కువ. అయినా ఫోను మిషను పక్కన ఆనించి పెట్టుకుని, చెవిలో తీగ పెట్టుకుని, బ్లౌజుకి హుక్కులు కుడుతూ సంఘంవాళ్ల మాటలు వింటుంది. తను మాట్లాడదు. మాట్లాడవేంటమ్మా అంటే, "చెప్పడానికి నా దగ్గర పని ఉండాలి కదా మాస్టారూ" అంది. రెండో ఏడు చొక్కా మళ్లీ పంపమన్నాను. "ఎవరికి చూపించడానికి?" అంది. ఎంపికైనా ఆ సర్టిఫికెట్టు తీసుకెళ్లి పెట్టడానికి ఇప్పుడు ఆవిడకి ఏ ప్రిన్సిపాల్ బల్లా లేదు.

ఈ కాయితాలు రాయడం మొదలుపెట్టింది మేడమ్‌కి ఏదో మేలు జరుగుతుందని కాదు. ఆవిడ చేసినదాని గురించి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా అని. ఎవరికన్నా ఇచ్చేముందు ఆవిడ చూడాలనిపించింది. మొన్న బస్సెక్కి అద్దంకి పోయాను. షాపులో ఇద్దరమ్మాయిలు పేపరు మీద చంక గీస్తున్నారు. మేడమ్ నాకు కుర్చీ వేసి, టీ చెప్పి, కాయితాలు అందుకుంది. పరీక్ష పేపర్లు దిద్దినట్టే ఎర్ర పెన్ను తీసింది. అలవాటు.

గంటసేపు మాట్లాడిన దగ్గర నవ్వింది. భోజనాల దగ్గర పెన్ను ఆగింది. వాళ్ల నాన్న మాట దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. బాగా రాశానన్నమాట అనుకున్నాను, టీ చప్పరిస్తూ.

తర్వాత లేబుల్ దగ్గరికొచ్చింది. ఆ పేరా రెండుసార్లు చదివింది. సంఘం ఉత్తరం దగ్గర 'పేరున్న' అనే మాట ముందు 'కుట్టినవారి' అని ఎర్రగా చేర్చింది. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

"మాస్టారూ, ఆ నిబంధన నేను ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాను. తెలుగులోనే చెప్పాను. రెండోసారి మీరు తల కూడా ఊపారు."

"ఊపానేమోనమ్మా."

"ఎంబ్రాయిడరీ కుర్రాడి దగ్గరికి మీరెక్కడా వెళ్లలేదు. చొక్కా తిరిగొచ్చినప్పుడు పార్సిల్ విప్పింది నేను. ఎర్ర దారం. కింద గుంటూరు అని. మీ బిస్కెట్ డబ్బాలోది."

అమ్మాయిలిద్దరూ గీయడం ఆపి చూస్తున్నారు. ఆవిడ కాయితాలు సమంగా సర్ది నా చేతిలో పెట్టింది. గొంతు ఏమాత్రం పెంచలేదు.

"అక్కడున్నది మీ పేరు, మాస్టారూ. నా పేరే ఉండుంటే, పోతే పోయింది, నాది నేనే పోగొట్టుకున్నాననుకునేదాన్ని. ఆ జడ్జీల్లో ఒక్కరన్నా నా పేరు చదివుండేవాళ్లు. ఆ ముక్క మార్చి రాయండి."